కుక్కకు మాట నేర్పే విద్య వెనుక ఒక మహాశాస్త్రవేత్త
ఇవాన్ పావ్లోవ్ జీవితగాథ

సరిహద్దు పల్లెల్లో ఇంటి కుక్కకు రెండు భాషలు వచ్చునని అందరూ అనుకుంటారు. ఇంటి పెద్దావిడ 'రా' అంటే అది తోక ఊపుకుంటూ వస్తుంది. బడి నుండి వచ్చిన మనుమడు కన్నడంలో 'బా' అన్నా వస్తుంది. తమిళనాడు వైపు పల్లెల్లో 'వా' అన్న పిలుపుకూ అంతే. నిజానికి ఆ మూగజీవికి తెలుగూ తెలియదు, కన్నడమూ తెలియదు, తమిళమూ తెలియదు. దానికి తెలిసినదల్లా ఒక ధ్వని, ఆ ధ్వని వెంట ఎప్పుడూ వచ్చే ఒక ముద్ద అన్నమో, ఒక నిమురుడో. ధ్వనికీ ముద్దకూ నడుమ ఈ ముడి ఎలా పడుతుంది, ఎలా బిగుస్తుంది, ఏ పొరపాటు వల్ల ఊడిపోతుంది అన్న విషయాన్ని ముప్పై ఏళ్లకు పైగా ప్రయోగశాలలో కూర్చుని, చుక్కలు లెక్కపెట్టి తేల్చినవారు రష్యా దేశపు శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్.

ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరికీ ఆయన పేరు పరిచితమే. పరీక్షకు చదివే పాఠంలో ఆయనంటే ఒక గంట, ఒక కుక్క, కొంత లాలాజలం. అంతటితో ఆ పాఠం ముగుస్తుంది. ఆయన జీవితం అంత చిన్నది కాదు.

పావ్లోవ్ 1849 సెప్టెంబరు 26న మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న రియజాన్ పట్టణంలో జన్మించారు. తండ్రి ప్యోత్ర్ ద్మీత్రియెవిచ్ చర్చిలో పురోహితుడు. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. ఆ ఇంటిలో ఇవాన్ పెద్దకొడుకు. బాల్యంలో ఎత్తు మీది నుండి రాతినేలపై పడి తీవ్రంగా గాయపడినందువల్ల పదకొండేళ్లు వచ్చేవరకు బడికి పోలేదు. ఆ తరువాత కుటుంబ సంప్రదాయం ప్రకారం మత పాఠశాలలో, పిదప మత విద్యాలయంలో చేరారు. తండ్రి వలెనే పురోహితుడు కావలసినవాడు. అయితే సెచెనోవ్ అనే శాస్త్రవేత్త మెదడు పనితీరుపై 1863లో ప్రచురించిన రచన ఆ యువకుని చేతికి చిక్కింది. మనిషి తలపులకు కూడా శరీరంలో కారణాలు వెదకవచ్చునన్న ఆలోచన ఆయనను వదలలేదు. 1870లో మత విద్యను మధ్యలోనే విడిచి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు చదవడానికి వెళ్లారు. 1875లో అక్కడ పట్టా పుచ్చుకుని వైద్యవిద్యకు మారారు. 1883లో గుండెకు పోయే నాడులపై సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేటు సంపాదించారు.

1881లో సెరాఫీమా కార్చెవ్‌స్కాయాతో వివాహం జరిగింది. పెళ్లయిన తొలి ఏళ్లలో దారిద్ర్యం ఎంతటిదంటే, వేరు కాపురం పెట్టే స్తోమత లేక తమ్ముడు ద్మీత్రి ఇంట తలదాచుకోవలసి వచ్చింది. తొలిచూలు బిడ్డ పసితనంలోనే పోయాడు. గురువుగారి ఇబ్బంది చూడలేక శిష్యులు కొంత సొమ్ము పోగుచేసి ఉపన్యాసాల నెపంతో ఇస్తే, ఆయన ఆ డబ్బుతో ప్రయోగాలకు కుక్కలు కొన్నారని జీవితచరిత్రకారులు వ్రాశారు. ఇల్లాలు సెరాఫీమా ఓర్పు గురించి ఆ చరిత్రల్లో ఉన్నది తక్కువ, ఉండవలసినది ఎక్కువ.

1884 నుండి రెండేళ్లు జర్మనీలో లూడ్విగ్, హైడెన్‌హైన్ అనే ఆచార్యుల వద్ద పనిచేసి వచ్చిన పావ్లోవ్‌కు 1890 నాటికి సైనిక వైద్య అకాడమీలో ఆచార్య పదవి లభించింది. 1891లో కొత్తగా ఏర్పడిన ప్రయోగాత్మక వైద్యసంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగం ఆయన చేతికి వచ్చింది. మరణించే వరకు, అంటే నలభై అయిదేళ్లు, ఆ విభాగాన్ని ఆయనే నడిపారు.

అక్కడ మొదట చేసిన పని జీర్ణక్రియపై. అప్పటి వైద్యులు జంతువును కోసి, అది చచ్చేలోగా చూడగలిగినంత చూసేవారు. పావ్లోవ్ పద్ధతి వేరు. శస్త్రచికిత్స చేసి, గాయం మాన్పి, ఆరోగ్యంగా తిరిగే కుక్కలో జీర్ణరసాలు ఎలా ఊరుతాయో నెలల తరబడి పరిశీలించేవారు. 1894లో ఆయన చేత శస్త్రచికిత్స పొందిన ద్రుజోక్ అనే కుక్క ఈ చరిత్రలో ప్రసిద్ధికెక్కింది. ఆ పేరుకు రష్యన్ భాషలో చిన్ని నేస్తం అని అర్థం. దాని జీర్ణకోశంలో ఒక భాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి, ఆహారం కలవని శుద్ధమైన రసాన్ని సేకరించారు. గొంతువద్ద ఆహారనాళాన్ని బయటకు తెరిచిన మరికొన్ని కుక్కలు తిన్నది తిన్నట్లే బయటపడిపోయేది. పొట్టలో మాత్రం రసం ఊరేది. ఆ రసాన్ని అజీర్తి రోగులకు మందుగా అమ్మి ప్రయోగశాల ఖర్చులకు వాడేవారు. ఈ సంగతులు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. జలదరించవలసినదే. ఆయన తన కుక్కలను హింసించాలని హింసించినవాడు కాదు, మత్తు ఇచ్చి శుభ్రంగా శస్త్రచికిత్స చేసేవారు. అయినా ఆ విజ్ఞానానికి మూల్యం చెల్లించినవి కుక్కలే. ఈ పరిశోధనకే 1904లో నోబెల్ బహుమానం లభించింది. ఆ గౌరవం పొందిన తొలి రష్యను ఆయనే.

పేరు తెచ్చినది మాత్రం ఆ బహుమానం కాదు, ఆ పనిలో మాటిమాటికీ అడ్డుతగిలిన ఒక చిక్కు. నోటిలో ఆహారం పడితే లాలాజలం ఊరాలి. కుక్కలకు గిన్నె కనబడితేనే ఊరుతున్నది. కొన్నాళ్లకు గిన్నె తెచ్చే పనివాని అడుగుల చప్పుడుకే ఊరుతున్నది. కుక్క ఆహారాన్ని తలచుకుంటున్నదని, ఆశపడుతున్నదని సహచరులు కొందరు వివరించబోయారు. పావ్లోవ్ ఒప్పుకోలేదు. కుక్క మనసులో ఏమున్నదో ఎవరు చూశారు? చూడగలిగినది చుక్కలు. వాటినే లెక్కించాలన్నారు. 1903లో మాడ్రిడ్ నగరంలో జరిగిన వైద్య మహాసభలో ఈ కొత్త మార్గాన్ని ప్రకటించారు. పుట్టుకతో వచ్చేది సహజ ప్రతీకార చర్య, అనుభవంతో ముడిపడేది నిబంధిత ప్రతీకార చర్య.

ప్రయోగం చూడటానికి సులువు. కుక్క చెంపకు చిన్న రంధ్రం చేసి లాలాజలం బయటికి కారేటట్లు అమర్చేవారు. గంట కంటే ఎక్కువగా వాడినది మెట్రోనోమ్. అది సంగీత సాధకులు తాళం కోసం వాడే, టిక్కు టిక్కుమని కొట్టుకునే యంత్రం. అది కొట్టగానే కొద్దిసేపటికి మాంసపు పొడి పెట్టేవారు. కొన్ని పర్యాయాలు ఇలా జరిగాక, పొడి పెట్టకపోయినా మెట్రోనోమ్ చప్పుడుకే చుక్కలు రాలేవి.

కుక్కకు 'కూర్చో' అన్న మాట నేర్పే ప్రతి ఇంటివారికీ పనికివచ్చే సంగతి ఇక్కడే ఉన్నది. సంకేతం ముందు రావాలి, ఆహారం వెనుక రావాలి. ఆహారం ముందు పెట్టి ఆపైన మెట్రోనోమ్ మోగిస్తే, ఎన్నిసార్లు చేసినా ముడి పడటం లేదని పావ్లోవ్ ప్రయోగశాల గమనించింది. పిల్లలు చేసే పొరపాటు ఇదే. రొట్టెముక్క ముందుగా చూపి, కుక్క ఎగబడుతుండగా 'కూర్చో, కూర్చో' అని అరుస్తారు. కుక్క కళ్లు, ముక్కు, ప్రాణం అంతా రొట్టె మీదనే ఉంటాయి; మాట గాలిలో పోతుంది. మాట ఒక్కసారి, నెమ్మదిగా పలికి, అది కూర్చున్న క్షణంలోనే ముక్క అందిస్తే పది రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. ఆలస్యంగా ఇస్తే, అది లేచి నిలబడినందుకు ఇచ్చినట్లవుతుంది.

ముడి పడినది ఊడటం కూడా పావ్లోవ్ చూశారు. మెట్రోనోమ్ మోగించి ఆహారం పెట్టకుండా వరుసగా చేస్తే చుక్కలు తగ్గి, తగ్గి, ఆగిపోయేవి. కుక్కకు కొంత విశ్రాంతి ఇచ్చి మళ్లీ మోగిస్తే కొన్ని చుక్కలు తిరిగి వచ్చేవి. అంటే నేర్చినది చెరిగిపోలేదు, అణగి ఉన్నది. పనిలేనప్పుడల్లా వట్టి చేతులతో కుక్కను పిలిచి ఏడిపించే ఇంట్లో ఆ కుక్క పిలుపుకు రాకపోవడంలో దాని తప్పేమీ లేదు.

మరొక సంగతి ఆ ప్రయోగశాలలో పదేపదే జరిగేది. శిష్యుడు కుక్కకు చక్కగా నేర్పి, గురువుగారిని పిలుచుకు వచ్చి చూపబోతాడు. గురువుగారు గదిలో అడుగుపెట్టగానే కుక్క చెవులు రిక్కించి ఆయన వైపు చూస్తుంది. ఒక్క చుక్క రాలదు. కొత్త మనిషి, కొత్త చప్పుడు, కొత్త వాసన ఏది వచ్చినా కుక్క తక్కిన పని ఆపి దానిని పరిశీలిస్తుంది. అడవిలో బ్రతకవలసిన జంతువుకు ఆ గుణం లేకపోతే ప్రాణం దక్కదు. పండుగకు వచ్చిన చుట్టాల ముందు కుక్క చేత నమస్కారం పెట్టించబోయి భంగపడిన ఇళ్లెన్నో. పావ్లోవ్ ఈ చిక్కును భారీగానే పరిష్కరించారు. మాస్కో వ్యాపారి లెదెంత్సోవ్ విడిచిన నిధి సాయంతో 1910 ప్రాంతాన ప్రత్యేక భవన నిర్మాణం ఆరంభమైంది. మందపు గోడలు, బయటి అదురు లోనికి రాకుండా చుట్టూ కందకం. కుక్క ఒక గదిలో, పరిశోధకుడు మరొక గదిలో. జనం దానిని నిశ్శబ్ద గోపురమన్నారు. మన ఇళ్లకు గోపురం అక్కరలేదు. మొదట పెరటిలో, ఎవరూ లేని పొద్దున నేర్పి, అది కుదిరాక వీధి అరుగు మీద, ఆ తరువాత సంతదారిలో అదే పాఠం చెబితే చాలు.

కుక్క చెవి ఎంత సునిశితమో కూడా అక్కడే తేలింది. నిమిషానికి 100 సార్లు కొట్టే మెట్రోనోమ్‌కు ఆహారం ఇచ్చి, 96 సార్లు కొట్టే దానికి ఇవ్వకపోతే, క్రమంగా ఆ రెండింటి తేడా కూడా కుక్క పట్టగలిగింది. ఇంతటి చెవి గల జంతువుకు తెలుగు 'రా' ఒక సంకేతం, కన్నడ 'బా' మరొక సంకేతం. రెండూ నేర్పితే రెండూ నేర్చుకుంటుంది. ఒక మాటకు ఒకే అర్థం ఉంటే చాలు. చిక్కంతా ఒకే మాటకు ఇంటిలో తలా ఒక అర్థం పెట్టినప్పుడే.

ఆ చిక్కు ఎక్కడికి దారితీస్తుందో 1914లో షెంగెర్ క్రెస్తోవ్నికోవా అనే పరిశోధకురాలి ప్రయోగం చూపింది. కుక్కకు తెరపై వృత్తం చూపితే ఆహారం. కోలగా ఉన్న దీర్ఘవృత్తం చూపితే ఏమీ లేదు. కుక్క త్వరలోనే గ్రహించింది. అప్పుడు దీర్ఘవృత్తాన్ని కొద్దికొద్దిగా గుండ్రంగా మారుస్తూ పోయారు. దాని కొలతలు తొమ్మిదికి ఎనిమిది నిష్పత్తికి వచ్చేసరికి ఏది వృత్తమో ఏది కాదో కుక్కకు అంతుపట్టలేదు. మూడు వారాలు ప్రయత్నించారు. అప్పటివరకు నెమ్మదిగా నిలబడిన ఆ కుక్క మూలగసాగింది, పెనుగులాడింది, ఒంటికి అమర్చిన పరికరాలను పీకి, గొట్టాలను కొరికివేసింది. మునుపు సులువుగా చెప్పగలిగిన తేడాలు కూడా మరచిపోయింది. ఎవరూ దానిని కొట్టలేదు. ఏమి చేయాలో తెలియని స్థితి ఒక్కటే దానిని కుంగదీసింది.

పావ్లోవ్ ఈ దృశ్యాన్ని తేలికగా తీసుకోలేదు. చివరి ఇరవై ఏళ్లలో ఆయన పరిశోధన చాలావరకు ఈ మానసిక కలత చుట్టూనే తిరిగింది. ఇంటి కుక్కల విషయంలో దీనికి పోలిక వెదకనక్కరలేదు. మంచం ఎక్కితే ఒకరు ముద్దుచేస్తారు, మరొకరు చీపురు విసురుతారు. కోడిపిల్లను తరిమినందుకు కోపంతో కుక్కను పిలిచి, అది పిలుపు విని వచ్చిన తరువాత కొడతారు. కోడి సంగతి దానికి గుర్తుండదు. వచ్చినందుకు దెబ్బ తగిలిందని మాత్రం తెలుస్తుంది. మరునాడు పిలిస్తే అది పొలాల వైపు పరుగు తీస్తుంది. దానిని మొండిదంటారు.

గొలుసు మాటకు వస్తే, 1917లో గుబెర్‌గ్రిత్స్ అనే సహచరునితో కలిసి పావ్లోవ్ ఒక వింత కుక్కను గురించి వ్రాశారు. పట్టీ కట్టి నిలబెట్టితే చాలు, అది ఎడతెగకుండా లాలాజలం కార్చేది. అనారోగ్యం లేదు, భయస్థురాలూ కాదు. కట్టుబాటునే అది సహించలేకపోతున్నదని పావ్లోవ్ నిర్ణయించారు; దానికి స్వేచ్ఛా ప్రతీకార చర్య అని పేరు పెట్టారు. ఆయన దండించమనలేదు. దాని భోజనమంతా పట్టీ కట్టి నిలిపే చోటనే పెట్టసాగారు. మొదట సరిగా తినక చిక్కిపోయింది, మెల్లగా తినసాగింది, చివరకు పట్టీని లక్ష్యపెట్టడం మానింది. ఇంటి కుక్కను చిక్కిపోయే దాకా ఉంచనవసరం లేదు. గొలుసు పక్కన గిన్నె పెట్టి కొద్ది నిమిషాలతో మొదలుపెడితే చాలును.

అదే ఏడాది రష్యాలో విప్లవం వచ్చింది. తరువాతి అంతర్యుద్ధ కాలంలో పెట్రోగ్రాడ్ నగరం ఆకలితో అలమటించింది. కుక్కలు తిండిలేక చనిపోయాయి, బ్రతికినవి ప్రయోగానికి పనికిరానంత నీరసించాయి. నోబెల్ బహుమాన గ్రహీత సంస్థ ఆవరణలో బంగాళాదుంపలు పండించుకోవలసి వచ్చింది. దేశం విడిచి వెళ్లే ఆలోచన కూడా చేశారు. 1921 జనవరి 24న లెనిన్ సంతకంతో వెలువడిన ఉత్తర్వు పావ్లోవ్ పరిశోధనకు సకల సదుపాయాలు కల్పించాలని ఆదేశించింది. సదుపాయాలు పొందినా ఆయన నోరు కట్టుకోలేదు. కొత్త ప్రభుత్వ సిద్ధాంతాలను ఉపన్యాసాలలోనే బాహాటంగా విమర్శించారు. పురోహితుల పిల్లలన్న కారణంతో విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు, తానూ పురోహితుని కొడుకునే కదా అని సైనిక వైద్య అకాడమీ పీఠానికి రాజీనామా ఇచ్చారు. 1934 చివర అరెస్టులు పెరిగినప్పుడు ప్రభుత్వానికి నిరసన లేఖ వ్రాశారు. విధేయత ఎలా అలవడుతుందో జీవితమంతా కొలిచిన మనిషికి ఆ గుణం స్వయంగా అబ్బలేదు. ప్రయోగశాలలో మాత్రం ఆయనదే శాసనం. కోపం ముక్కు మీద ఉండేది. కొంచెం సేపటికి చల్లారేది. వేళ తప్పితే సహించేవారు కాదు. వేసవి సెలవుల్లో తోటపని, ఈత, గొరొద్కీ అనే కర్రలాట.

1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్‌గా పేరు మారిన ఆ నగరాన్ని వరద ముంచెత్తింది. కుక్కల బోనులలోకి నీరు చొచ్చుకువచ్చింది. కుక్కలు బోను పైకప్పుకు ముక్కు ఆనించి ఈదుతున్నాయి. తలుపు నీటి అడుగున ఉన్నందున ఒక్కొక్కదానిని నీళ్లలో ముంచి బయటకు లాగవలసి వచ్చింది. ప్రాణాలు దక్కాయి గాని, కొన్ని కుక్కలు ఏళ్ల తరబడి నేర్చినదంతా పోగొట్టుకున్నాయి. వాటిలో ఒకదానికి నెలల కొద్దీ ఓర్పుగా మళ్లీ నేర్పి దారికి తెచ్చిన తరువాత, తలుపు కింద నుండి సన్నని నీటిధార గదిలోకి పోనిచ్చి చూశారు. అది మళ్లీ మొదటి స్థితికి వచ్చింది. అన్ని కుక్కలూ ఇలా కాలేదు. ఒక్కొక్క కుక్కది ఒక్కొక్క స్వభావమని, ఒకదానికి సరిపడిన శిక్షణ మరొకదానికి సరిపడదని పావ్లోవ్ చివరి రచనలలో గట్టిగా చెప్పారు.

లాలాజలం తనంత తాను ఊరేది. కూర్చోవడం, చేయి ఇవ్వడం కుక్క తానుగా చేసే పని. ఈ రెండో రకం నేర్పు గురించి వార్సా నగరం నుండి ఇద్దరు యువకులు, కొనోర్‌స్కీ, మిల్లర్, 1928లో పరిశోధన ప్రచురించారు. ఒక సంకేతం ఇచ్చి, కుక్క కాలిని తామే పైకెత్తి, వెంటనే ఆహారం పెట్టారు. కొన్నాళ్లకు సంకేతం వినగానే కుక్క తానే కాలెత్తసాగింది. పల్లెల్లో పిల్లలు కుక్క చేత చేయి ఇప్పించేది అచ్చంగా ఈ పద్ధతిలోనే. ఎనభై ఏళ్లు దాటిన పావ్లోవ్ ఆ యువకుల పని తన సిద్ధాంతానికి కొత్త ప్రశ్న వేస్తున్నదని గ్రహించి వారిని ఆహ్వానించారు. కొనోర్‌స్కీ 1931 నుండి రెండేళ్లు ఆయన వద్ద పనిచేశారు. వ్యాఖ్యానంలో ఇద్దరికీ పూర్తిగా కుదరలేదు. అయినా పిలిచి చోటిచ్చారు, అది గొప్ప విషయం.

1935లో అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్ర మహాసభ లెనిన్‌గ్రాడ్‌లో జరిగింది. ఆ సభలో ఆయనే అగ్రగణ్యుడు. అదే సంవత్సరం ప్రయోగాత్మక వైద్యసంస్థ తోటలో ఆయన కోరిక మేరకు కుక్కకు స్మారక విగ్రహం వెలసింది. పీఠం మీద కూర్చున్న కుక్క. తన చేతి కింద బ్రతికి, చచ్చిన వాటి తలపు కోసం. 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో, ఎనభై ఆరవ ఏట పావ్లోవ్ కన్నుమూశారు. వోల్కోవో శ్మశానంలో అంత్యక్రియలు జరిగాయి. నగరం వెలుపల కొల్తూషీలో ఆయన ఆధ్వర్యంలో ఏర్పడిన పరిశోధన గ్రామం పావ్లోవో అయింది. రియజాన్‌లో ఆయన పెరిగిన కొయ్య ఇల్లు 1946లో మ్యూజియంగా మారింది.